కాగితం ఉన్న ముత్తాత దొరికాడు, రంగం వెళ్ళిన ముత్తాత దొరకలేదు

ముందే చెప్పేస్తున్నా. ఇది విశాఖలో పూర్వీకుల ఊరు వెతికిపెట్టే ఒక చిన్న సర్వీసు గురించి రివ్యూ. డర్బన్ నుంచి వచ్చిన మా అతిథి పనికి ఐదుకి ఐదు ఇస్తాను, రంగం, అంటే రంగూన్, వెళ్ళిన మా ముత్తాత పనికి ఐదుకి ఒకటి. రెండూ చేసింది ఒకే మనిషి, రెండూ నా కళ్ళ ముందే జరిగాయి, అందుకే ఇది కాస్త పొడుగవుతుంది. వాళ్ళ పేరు రాయను. డబ్బు విషయం మా మధ్య ఇంకా తేలలేదు, తేలకుండా పేరు బయట పెట్టడం నాకు ఇష్టం లేదు.

మాది ఎంవీపీ కాలనీ. ఇంటి పై పోర్షన్ రోజుల లెక్కన అద్దెకిస్తాం. మొన్న సంక్రాంతి అయిన వారానికి దక్షిణాఫ్రికా నుంచి ఒక అక్క, ఆవిడ కొడుకు వచ్చి దిగారు. ఆవిడకి అరవై దాటాయి. తెలుగులో రెండు ముక్కలు కూడా మాట్లాడలేరు, కానీ పొద్దున్నే స్నానం చేసి రామ భజన తెలుగులోనే పాడుకున్నారు, మా ఆవిడ కాఫీ పట్టుకెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆవిడ బ్యాగులో ఒక ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో ఒకే ఒక్క కాగితం నకలు. వాళ్ళ ముత్తాత 1902లో మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ (దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం, అప్పట్లో బ్రిటిష్ కాలనీ) వెళ్ళినప్పుడు అక్కడి ఇమ్మిగ్రేషన్ రిజిస్టర్‌లో ఎక్కిన వరుస అది. ఆ కాగితం పట్టుకుని ఊరు కనిపెట్టిస్తామన్న సర్వీసు ఆవిడ ముందే బుక్ చేసుకున్నారు. నేను దారి చూపించడానికి వెళ్ళి, నా పని కూడా ఒకటి అప్పగించి వచ్చాను.

సర్వీసంటే పెద్ద ఆఫీసేమీ కాదు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన, అందరూ మాస్టారనే పిలుస్తారు, ఆయనతో ఇద్దరు కుర్రాళ్ళు, ఒక అద్దె కారు. కాగితం చదివి ఊరు తేల్చడానికి 6,000, కారులో ఊరికి తీసుకెళ్ళి అక్కడివాళ్ళతో మాట్లాడించడానికి రోజుకి 5,500. వన్ టౌన్‌లో ఒక పూట నడిపించి చరిత్ర చెప్పడం దాంట్లోనే కలిపి. నా పనికి 8,000, మొత్తం ముందే కట్టించుకున్నారు.

ఆయన ఆ కాగితం చదివిన తీరు చూడాలి. మనం చూస్తే అదొక వరుస, అంతే: ఐదంకెల నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, జిల్లా విజగపటం, తాలూకా, ఊరు, చివర్లో ఒంటి మీద గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ. ఆ మచ్చ దగ్గర మాస్టారు ఆగి, "ఇదెందుకు రాశారో తెలుసామ్మా? పారిపోతే పట్టుకోవడానికి" అన్నారు. నేటాల్ చట్టం ప్రకారం ఐదేళ్ళ కాంట్రాక్టులో ఉన్న కూలీ యజమాని చీటీ లేకుండా తోట దాటితే జైలు. ఫోటో లేని చోట మచ్చే ఫోటో. ఆవిడ కొడుకు అది విని తన మోకాలు తడుముకున్నాడు, ఎందుకో.

తర్వాత ఊరి పేరు. రాసినవాడు మద్రాసులో కూలీల్ని ఓడెక్కించే డిపోలో గుమస్తా, మన ఉత్తరాంధ్ర యాస విన్నది విన్నట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. చివర్లో ‘వల్సా’ లాంటిది ఏదో ఉంది. వలస అన్నమాట! మన విజయనగరం, పార్వతీపురం వైపు వలసతో ముగిసే ఊళ్ళు ఎన్నో లెక్కే లేదు, మన పక్కనే కొత్తవలస ఉంది కదా. ఎక్కడి నుంచో వచ్చి కొత్తగా కట్టుకున్న ఊరు కాబట్టి వలస. అంటే వాళ్ళ ముత్తాత ఓడెక్కకముందే ఆ ఊరివాళ్ళు ఒకసారి కదిలి వచ్చినవాళ్ళే. ఈ మాట ఇంగ్లీషులో చెప్తే ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

జిల్లా పేరు కూడా ఉపయోగపడదు. అప్పటి విజగపటం జిల్లా అంటే ఇప్పటి విశాఖ ఒక్కటే కాదు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి, మన్యం జిల్లాలు 2022లో వచ్చాయి. పాత జిల్లా ఒడిశా కొండల్లో జయపురం దాకా ఉండేది. సరే, రెవెన్యూ రికార్డుల్లో చూద్దామంటే అక్కడివన్నీ ఎక్కువగా జమీందారీ ఊళ్ళు, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే సర్వే చేసి రైతుల పేర్లు పక్కాగా ఎక్కించారు. 1902లో అక్కడ పొలం దున్నినవాడి పేరు సర్కారు పుస్తకంలో దొరకడం కష్టం. ఇవన్నీ మాస్టారు బుక్ చేసుకునేముందే ఆవిడకి మెయిల్‌లో చెప్పారట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆఖరికి ఊరు తేలింది కాగితం వల్ల కాదు, ఇంటిపేరు వల్ల. గుమస్తా ఇంటిపేరు రాయలేదు. మనకి ముందు వచ్చేది అదే, ఆయనకి అది అనవసరం అనిపించింది. కానీ డర్బన్‌లో వాళ్ళింట్లో పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఒకే ఇంటిపేరు కాకూడదని నూట ఇరవై ఏళ్ళుగా నోటితో కాపాడుకుంటూ వచ్చారు. పలకడం మారిపోయింది, కానీ మాస్టారు రెండోసారి వినగానే పట్టేశారు. ఆ పేరుకి సరిపోయే వలసలు మూడు ఉంటే, ఆ ఇంటిపేరు ఉన్నది ఒక్క ఊళ్ళోనే. మర్నాడు పొద్దున్నే బయల్దేరాం, విజయనగరం దాటి ఇంకా లోపలికి.

ఊళ్ళో ఏం జరిగిందో ఎక్కువ రాయను, అది వాళ్ళ సొంత విషయం. ఎవరూ ఏడుస్తూ వాటేసుకోలేదు. రామాలయం అరుగు మీద ఒక ముసలాయన మాత్రం అన్నాడు, "మావోల్లలో ఎవుడో ఒకడు ఓడెక్కి ఎల్పోనాడని మా తాత సెప్పీవోడమ్మా, ఎవుడో మాత్రం తెల్దు." ఇది రుజువు కాదు, మాస్టారు కూడా రుజువని చెప్పలేదు, అక్కడ నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. "ఊరు ఇదే అని నేను చెప్పగలను, ఇల్లు ఇదే అని చెప్పలేను" అన్నారు. ఆవిడ ఆ ఊరి బావి దగ్గర కాస్త మట్టి తీసుకుని రుమాలులో కట్టుకున్నారు. వాళ్ళు పెట్టిన అన్నం, ఉలవచారు తిని సాయంత్రానికి వచ్చేశాం.

మూడో రోజు వన్ టౌన్ నడక. పాత లైట్‌హౌస్ వైపు నుంచి మొదలుపెట్టి రేవు కనిపించే చోటికి తీసుకెళ్ళారు. ఇప్పుడు మనం చూసే పోర్టు 1933లో వచ్చింది. అంతకుముందు స్టీమర్లు సముద్రంలో దూరంగా లంగరు వేసుకునేవి, ఒడ్డు నుంచి జనాన్ని మసూలా పడవల్లో అలలు దాటించి ఎక్కించేవారు. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలు అవి, అల కొట్టినా విరగకుండా వంగేవి. భీమిలిలోనూ అంతే, కళింగపట్నంలోనూ అంతే.

అక్కడ నిలబడి ఆయన చెప్పిన సంగతులే ఈ సర్వీసులో నాకు అన్నిటికంటే విలువైనవి, పోర్టు దుమ్ములో, లారీల హారన్ల మధ్య విన్నా ఒక్క మాట మర్చిపోలేదు. నేను కూడా ఇంటికొచ్చి చదువుకున్నాను కాబట్టి నా మాటల్లో రాస్తాను.

బానిసత్వం 1834లో బ్రిటిష్ కాలనీల్లో రద్దయింది, చెరకు తోటలకి మనుషులు కావాలి, అదే ఏడాది నవంబరులో మారిషస్‌కి మొదటి ఓడలో 36 మంది మన దేశం నుంచి వెళ్ళారు. ఇది కూడా బానిసత్వమే అని లండన్‌లో గొడవ మొదలైంది. ఆ రోజుల్లోనే, 1837లో, ఇక్కడ ఒక చట్టం తెచ్చారు: వెళ్ళే కూలీ, తీసుకెళ్ళే ఏజెంటు ఇద్దరూ అధికారి ముందు నిలబడి కాంట్రాక్టు చూపించాలి, తన ఇష్టంతోనే వెళ్తున్నానని కూలీ ఒప్పుకోవాలి. అప్పట్లో ఒక వ్యాపారి, ఒక యాత్రికుడు ఓడెక్కాలంటే ఇలాంటి తతంగం ఏమీ లేదు. మన దగ్గర మనిషి దేశం దాటుతుంటే సర్కారు ఆపి, నువ్వెవరు, ఎక్కడికి, ఎందుకు అని అడిగి, రాసుకుని, సంతకం పెట్టడం అనే పని మొదట కూలీ మీదే మొదలైంది. అదీ కాపాడే పేరుతో.

తర్వాత ఫోటో. 1867లో మారిషస్ చట్టం ప్రకారం కాంట్రాక్టు అయిపోయిన పాత కూలీలు ఫోటో అతికించిన టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి, లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి కింద పట్టుకుంటారు. బ్రిటిష్ పాస్‌పోర్టులో ఫోటో తప్పనిసరి అయింది మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక. అంటే దాదాపు యాభై ఏళ్ళ ముందే మనవాళ్ళ మెడకి అది తగిలించారు.

నేటాల్ కథ ఇంకా బాధగా ఉంటుంది. 1860 నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది అక్కడికి వెళ్ళారు, మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. జీతం మొదటి ఏడు నెలకి 10 షిల్లింగులు, ఏడాదికొకటి పెరిగి ఐదో ఏడు 14. కాంట్రాక్టు ముగిశాక ఉండిపోదామంటే 1895 చట్టంతో ఏటా 3 పౌండ్ల పన్ను వేశారు. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతానికి మించిపోయింది. పిల్లాడికి పదహారు, ఆడపిల్లకి పదమూడు దాటితే వాళ్ళకీ కట్టాలన్నారు. కట్టలేకపోతే మళ్ళీ కాంట్రాక్టులో చేరు, లేదా ఇండియా వెళ్ళిపో. అక్క ఇక్కడ మాట్లాడారు, వాళ్ళ ముత్తాత మూడుసార్లు కాంట్రాక్టు ఎందుకు రాసుకున్నాడో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదట, చెరకు పని ఇష్టం అనుకున్నారట.

1897లో ఇంకో చట్టం. ఏదైనా యూరప్ భాషలో దరఖాస్తు రాయగలిగినవాడే నేటాల్‌లో దిగాలి. ఎక్కడా భారతీయుడు అన్న మాట ఉండదు, జాతి అన్న మాట ఉండదు, లండన్‌లో కాలనీల మంత్రి చాంబర్లేన్‌కి నచ్చింది అదే. మన పండితుడు సంస్కృతం, తెలుగు, ఉర్దూ రాసినా చదువురానివాడి కిందే లెక్క. కానీ కూలీ కాంట్రాక్టు మీద వచ్చేవాడికి ఈ పరీక్ష లేదు! చెరకు నరకడానికైతే రావచ్చు, తన డబ్బుతో తాను టికెట్ కొనుక్కుని వస్తే మాత్రం ఆపేస్తారు. ఇదే పద్ధతిని 1901లో ఆస్ట్రేలియా తీసుకుని యాభై పదాల డిక్టేషన్ చేసింది. కెనడా 1908లో, పుట్టిన దేశం నుంచి మధ్యలో ఓడ మారకుండా నేరుగా రావాలంది, అలాంటి ఓడ సర్వీసు మన దేశం నుంచి లేదని తెలిసే. 1914లో కొమగటా మారు ఓడలో వెళ్ళిన 376 మందిని వాంకూవర్ రేవులోనే రెండు నెలలు నిలబెట్టి, కొద్దిమందిని తప్ప అందరినీ వెనక్కి పంపింది. 1917 వచ్చేసరికి యుద్ధం పేరుతో పాస్‌పోర్టు లేకుండా మన దేశం నుంచి ఓడెక్కకూడదన్నారు, 1920లో పాస్‌పోర్టు చట్టమే వచ్చింది. ఇప్పుడు వ్యాపారి, జమీందారు కూడా ఆ లైన్లోకి వచ్చేశారు.

వేలిముద్ర సంగతి సరేసరి. 1906లో ట్రాన్స్‌వాల్‌లో, అంటే దక్షిణాఫ్రికాలోనే జోహానెస్‌బర్గ్ ఉన్న ఇంకో కాలనీలో, ఆసియావాళ్ళందరూ పది వేళ్ళ ముద్రలు ఇవ్వాలన్నారు. మన దగ్గర వేలిముద్రగాడు అంటే ఇప్పటికీ తిట్టు, అక్కడ చదువుకున్నవాళ్ళకి, వ్యాపారులకి కూడా అది నేరస్తుల్ని చూసినట్టే అనిపించింది. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్‌లో మసీదు దగ్గర గాంధీ పిలుపుతో రెండు వేలకు పైగా సర్టిఫికెట్లు కాల్చేశారు. అక్క కొడుకు ఇది వింటూ తన వేళ్ళు చూపించాడు, ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో మొన్ననే ముద్రలు ఇచ్చి వచ్చానని.

నాకు గుర్తొచ్చింది మా మేనల్లుడు. గాజువాకలో వెల్డింగ్ నేర్చుకున్నాడు, టెన్త్ పాస్ కాలేదు, వాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని. ఖతార్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే వాడికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే సర్కారు అధికారి క్లియరెన్స్ కావాలి. టెన్త్ పాసైనవాడికి అక్కర్లేదు. ఆ ప్రొటెక్టర్ అన్న పదవి పేరు 1840ల నుంచీ వస్తున్నదే. మోసపోకుండా చూడటానికే ఆ క్లియరెన్స్, అది నాకు తెలుసు, దాని వల్ల వాడికి ఇన్సూరెన్స్ కూడా వచ్చింది. కానీ ఆ రోజు వాడితో లైన్లో నిలబడినప్పుడు వాడు "మావయ్యా, నన్నే ఎందుకు ఆపుతారు" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు నాకు వన్ టౌన్‌లో దొరికింది, ఇంత ఆలస్యంగా.

ఇక్కడిదాకా ఐదుకి ఐదు. ఇప్పుడు నా పని.

మా ముత్తాత రంగం వెళ్ళాడు. మా వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అంటారు. కోతలు అయిపోగానే స్టీమరెక్కి, రేవులోనో బియ్యం మిల్లులోనో పనిచేసి, వానలకి తిరిగి వచ్చేవాడట. మా నాయనమ్మ చిన్నప్పుడు ఒకసారి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆవిడ పోయేదాకా, "మా నాన్న రంగంలో ఉన్నాడు" అనే చెప్పేది, పోయాడని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన ఎప్పుడు వెళ్ళాడు, ఏ ఓడలో, ఏమయ్యాడు తెలుసుకోవాలని నా కోరిక. మాస్టారు సరే అన్నారు, 8,000 కట్టాను.

రెండు నెలల తర్వాత ఒక ఫైలు ఇచ్చారు, నలభై పేజీలు. బర్మా గురించి అంతా ఉంది, మా ముత్తాత గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదని అడిగితే అప్పుడు చెప్పారు: రంగం వెళ్ళినవాళ్ళకి పాసులు ఉండవు. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలోనే ఒక రాష్ట్రం. విశాఖ నుంచి రంగూన్ వెళ్ళడం కాకినాడ వెళ్ళినట్టే, ఎమిగ్రేషన్ చట్టం దానికి వర్తించదు. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి టికెట్ కొని డెక్కు మీద ఎక్కించేవాడు, సర్కారు తలలు లెక్కపెట్టుకునేది, పేరు పేరునా రాసుకునేది కాదు. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడదీశాకే అది వేరే దేశం అయింది. 1941లో వలసల మీద ఒప్పందం చేసుకుని పర్మిట్లు పెట్టబోయారు, అది సరిగ్గా అమలయ్యేలోపే జపాన్ బాంబులు పడ్డాయి, 1942లో లక్షల మంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు.

ఇదంతా నిజమే, నేను సరిచూసుకున్నాను. నా కోపం అది కాదు. ఈ సంగతి ఆయనకి మొదటి రోజే తెలుసు. డర్బన్ నుంచి వచ్చినావిడకి ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నది ముందే మెయిల్‌లో రాసిన మనిషి, పక్క వీధివాడినైన నాకు మాట మాత్రం చెప్పకుండా డబ్బు తీసుకున్నారు. నేను అడిగాను. "మీరు అంత ఆశగా అడిగితే లేదనలేకపోయాను బాబూ, ఏదైనా తగలకపోతుందా అనుకున్నాను" అన్నారు. సగం వెనక్కి ఇస్తానన్నారు, ఇంకా ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ నాకే టెన్షన్, పెద్దాయన కదా.

ఆ ఫైలు పనికిరానిదని అనను. అందులో 1930 మే గురించి పది పేజీలు ఉన్నాయి. రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు, కంపెనీలు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నాయి, సమ్మె తేలగానే ఆ కొత్తవాళ్ళని పొమ్మన్నాయి, 26న కత్తులు, కర్రలతో దాడులు మొదలై వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది మనవాళ్ళే. అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. అక్కడివాళ్ళు మనవాళ్ళని వద్దన్నాక పర్మిట్ల గేటు ఎలా పుట్టిందో అర్థమవుతుంది. కానీ ఇది పుస్తకంలో చదువుకోవచ్చు, దీనికి నేను 8,000 ఇవ్వలేదు.

మీరు వెళ్ళాలనుకుంటే నా సలహా. మారిషస్, నేటాల్, ఫిజీ వెళ్ళిన మనిషి అయితే, చేతిలో రిజిస్టర్ నకలు ఉంటే, కళ్ళు మూసుకుని వెళ్ళండి, ఇంత బాగా చదివేవాళ్ళు మన జిల్లాలో నాకు తెలిసి లేరు. ఇంటిపేరు, గోత్రం, కులదేవత పేరు, పెళ్ళిళ్ళలో పాడే పాటలు, ఏది గుర్తుంటే అది రాసి పట్టుకెళ్ళండి, కాగితం ఆగిపోయిన చోట అవే పనికొస్తాయి. రంగం మనిషి అయితే ఒక్క రూపాయి కూడా ముందు కట్టకండి. మీ దగ్గర ఉత్తరం, మనియార్డర్ రసీదు, 1964 తర్వాత బర్మా నుంచి వచ్చేసినవాళ్ళకి ఇచ్చిన కాందిశీకుల సర్టిఫికెట్ లాంటిది ఉంటే చూపించి, దీనితో ఏం చేయగలరో రాతపూర్వకంగా అడగండి.

పోయిన ఆదివారం మాస్టారు ఫోన్ చేశారు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్‌లో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారట, వాళ్ళ నాన్న రంగూన్ రేవులోనే మేస్త్రీ, మనవైపు ఊళ్ళ నుంచి మనుషుల్ని తీసుకెళ్ళినవాడు. డబ్బేమీ వద్దు, నేనూ వస్తాను, వెళ్ళి కలుద్దాం అన్నారు. గురువారం వెళ్తున్నాం. మా ముత్తాత పేరు, ఊరి పేరు, ఆయనకి కుడిచేతి చిటికెన వేలు లేదని నాయనమ్మ చెప్పిన మాట, మూడూ ఒక తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకున్నాను, ఆవిడకి చూపు సరిగా లేదట. ఏదైనా తేలితే పైన ఇచ్చిన ఆ ఒకటిని మారుస్తాను.